పిడి ఎదుటివానివైపు

కానుకలు అనేక విధములు. కొన్ని కంటికి ఇంపైనవి, కొన్ని కడుపు నింపునవి, కొన్ని గోడకు వ్రేలాడి కొన్నాళ్ళకు దుమ్ము పట్టునవి. వీటన్నిటి నడుమ, పుచ్చుకొనినవాని వ్రేలిని కోయగల కానుక ఒకటి కలదు. అది కత్తి. దానిని అంగడిలో కొని ఇచ్చుట వేరు. అలుగును ఒకచోట సంపాదించి, పిడిని తన చేతులతో చెక్కి, రెంటిని అమర్చి, పదును పెట్టి, ఒక స్నేహితునికో, పెండ్లియైన కుమార్తెకో, ముదుసలి తల్లికో సమర్పించుట వేరు. ఈ రెండవ విధముగా చేయువారు లోకమున నేటికిని ఉన్నారు.

స్వీడన్, ఫిన్లాండు దేశములలో ఇది సామాన్యమైన ఇంటిపని. అక్కడ పిడిలేని అలుగులను విడిగా అమ్ముదురు. వాటిని కొని తెచ్చుకొని, కొయ్యతో గాని దుప్పికొమ్ముతో గాని పిడులు చేసి అమర్చుకొందురు. ఫిన్లాండువారు తమ కత్తిని 'పూక్కో' అందురు; 'పూ' అనగా వారి భాషలో కొయ్య. కత్తికి పేరు ఉక్కునుబట్టి గాక కొయ్యనుబట్టి వచ్చుట గమనింపదగినది. అట్టి కత్తిని ఇచ్చుట వారిలో గౌరవముగా ఎంచబడును. మన పల్లెలలోను కమ్మరి పాత లారీ కమాను పట్టీని కొలిమిలో కాచి, సాగగొట్టి, అలుగు చేసి ఇచ్చును. పిడిని అడిగినవారే తమకు నచ్చిన కొయ్యతో అమర్చుకొనుట కలదు.

ఈ చిన్న పనిలో మూడు ప్రశ్నలు దాగియున్నవి. అలుగు మరియొకడు చేసినదైనప్పుడు, "ఇది నా చేతిపని" అనుట సత్యమా? కత్తిని ఉచితముగా ఇయ్యరాదు, పుచ్చుకొనరాదు అను లోకాభిప్రాయములో ఏమైన న్యాయమున్నదా? అన్నిటికంటె ముఖ్యముగా, కోయగల దానిని మనము ప్రేమించువారి చేతిలో పెట్టుట ధర్మమా? వీటిని విచారించుటకు ముందు ఆ పని ఎట్లు జరుగునో కొంచెము తెలిసికొందము. పని తెలియనివాడు పనిని గూర్చి నీతి చెప్పిన అది గాలిలో మాటయే యగును.

అలుగును, పిడియు

అలుగు చేయుట కమ్మరి పని. ఇనుములో కర్బనము మిక్కిలి తక్కువగా ఉన్నయెడల దానికి పదును నిలువదు; తగినంత కర్బనము చేరినప్పుడే అది పదును పట్టు ఉక్కగును. దానిని ఎఱ్ఱగా కాచి, దాగలిమీద సాగగొట్టి, రూపము తెచ్చి, మరల కాచి, నూనెలోనో నీటిలోనో ముంచుదురు. అప్పుడది గాజువలె గట్టిపడును, గాజువలెనే పెళుసుబారును. అట్లే విడిచిన, క్రిందపడిన మాత్రమున విరుగవచ్చును. కావున దానిని రుద్ది మెరుగుపెట్టి, మరల సన్నని వేడి తగిలించుదురు. మెరుగుమీద లేత గడ్డిరంగు తేలినప్పుడు వేడి సుమారు 220 డిగ్రీలకు చేరినదని గుర్తు. అక్కడ ఆపినయెడల గట్టితనమును నిలుచును, పెళుసుదనమును తగ్గును. నీలిరంగు వచ్చినయెడల సుమారు 300 డిగ్రీలకు చేరినదన్నమాట. కత్తికి కావలసిన గట్టితనములో కొంత పోయినట్లే.

ఇది పిడి చేయువానికి తెలియవలసిన మొదటి పాఠము. అలుగును ఇంకను సన్నము చేయవలెనను ఆశతో తిరుగుడు సానకు అదిమి పట్టి, నీటిలో ముంచక, ఊరకే రుద్దినయెడల, అంచు క్షణములో నీలిబారును. కమ్మరి గంటలకొలది చేసిన పని ఆ ఒక్క క్షణములో పాడగును. మరల కొలిమికి పోవుట తప్ప మార్గము లేదు. కనుక పిడి చేయువాని మొదటి సద్గుణము నైపుణ్యము కాదు. తన చేతికి వచ్చినదానిని చెరుపకుండుటయే.

తరువాత కొయ్య. పచ్చి కొయ్య పనికిరాదు; ఆరినకొలది ముడుచుకొని పిడి వదులగును, లేక పగులును. బాగుగా ఆరిన తుమ్మగాని సండ్రగాని ఇరుగుడుగాని తీసికొనవలెను. దానిలో బరమాతో రంధ్రము చేసి, అలుగు తోక బిగువుగా దిగువరకు సన్నని ఆకురాయితో ఓపికగా రుద్దవలెను. పిడి మొదలు చీలకుండుటకు ఇత్తడి పొన్ను తొడుగుదురు. మన పూర్వులు కరగిన లక్కను రంధ్రములో నింపి తోకను నాటెడివారు. ఇప్పుడు రెండు గొట్టములనుండి కలుపు బంకను వాడుచున్నారు. ఈ పనియంతయు జరుగునప్పుడు అలుగును దళసరి గుడ్డతో చుట్టియుంచవలెను. బంక ఆరిన పిమ్మట పిడిని ఆకురాయితో చెక్కి, ముతక ఉప్పు కాగితముతోను పిదప నున్నని దానితోను రుద్ది, అవిసె నూనె పట్టించుదురు. నూనె ఇంకినప్పుడు కొయ్యలోని రేఖలు బయటపడును.

అయితే ఈ పనులన్నిటికంటె ముందు చేయవలసినది ఒకటి కలదు. ఈ కత్తి ఎవరి చేతికి పోవునో ఆ చేతిని చూడవలెను. అది పెద్దదా, చిన్నదా? కుడిచేతివాటమా, ఎడమచేతివాటమా? కీళ్ళనొప్పులతో వ్రేళ్ళు బిగియని తల్లికైన, సన్నని పిడి నరకముతో సమానము. కొంచెము లావుగాను గుండ్రముగాను ఉన్నయెడల ఆమె గట్టిగా బిగింపకయే పట్టుకొనగలదు. తడిచేతులతో చేపలు కోయువారికి జారని పిడి కావలెను. దినమంతయు కూరగాయలు తరుగువారికి అరచేతిలో ఒత్తుకొనని పిడి కావలెను. ఒక్కటే అలుగు ఎవరి చేతికైన పోవచ్చును. పిడి మాత్రము ఒక్కరిది. చేతిపని కానుకయందు ప్రేమ ప్రవేశించు ద్వారము పిడియే.

"నా చేతిపని" అనుట సత్యమా?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. అలుగు కమ్మరిది, కొయ్య అడవిది, పొన్ను కంచరివానిది. పిడి చెక్కినవాడు "ఈ కత్తిని నేను చేసితిని" అనవచ్చునా?

ఈ ప్రశ్నకు ఒక నిజమైన చరిత్ర జవాబు చెప్పుచున్నది. అది మన తెలుగు నేలయందే మొదలగుచున్నది. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఒకప్పుడు ఉక్కుకు పేరు పొందిన గ్రామము. అక్కడి పనివారు ఇనుమును చిన్న మట్టి మూసలలో పెట్టి, మూతిని మట్టితో బిగించి, తిత్తులతో గాలి ఊదుచు గంటలకొలది కాచి, మెల్లగా చల్లార్చి ఉక్కు ముద్దలను తీసెడివారు. వాటిలో నూటికి సుమారు ఒకటిన్నర పాళ్ళు కర్బనము ఉండెడిది. ఆ ఉక్కును కొనుటకు పారసీక దేశపు వర్తకులు అంత దూరమునుండి అక్కడికి వచ్చెడివారు. హెన్రీ వెస్లీ వాయిసీ అను వైద్యుడు 1820 ప్రాంతములలో ఆ కొలుములను చూచి వ్రాసిన వర్ణన, అతడు మరణించిన తరువాత 1832లో అచ్చయ్యెను. ఇట్టి దక్షిణదేశపు ఉక్కునే ఐరోపావారు 'వూట్జ్' అనిరి. అది మన 'ఉక్కు' అను మాటకు వికారమని పండితులు చెప్పుదురు.

ఆ ఉక్కు లండను నగరమునకు చేరెను. అక్కడ మైకేల్ ఫారడే అను యువకుడు దాని మర్మము తెలిసికొనగోరెను. ఫారడే 1791లో ఒక కమ్మరి ఇంట పుట్టినవాడు. పుస్తకములు కుట్టువానియొద్ద పని నేర్చుకొని, 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషనులో సహాయకుడుగా చేరినవాడు. అతడు 1819లో ఈ హిందూదేశపు ఉక్కును పరీక్షించి దానిని గూర్చి వ్రాసెను. పిదప జేమ్స్ స్టోడార్ట్ అను కత్తులు చేయువానితో కలిసి ఉక్కులో వెండి, ప్లాటినము మొదలగు లోహములను కలిపి పరీక్షలు చేసి, 1820లోను 1822లోను ఆ ఫలితములను ప్రచురించెను. హిందూదేశపు ఉక్కు రహస్యము అతనికి పూర్తిగా చిక్కలేదు. ఆ క్రొత్త లోహములు వెంటనే వర్తకములోనికి రాలేదు. అయితే తాను చేసిన ఉక్కుతో తయారైన క్షౌరపు కత్తులను ఫారడే తరువాతి కాలములో తన స్నేహితులకు కానుకలుగా ఇచ్చుచుండెను. 1831లో విద్యుత్తును గూర్చి గొప్ప సంగతి కనుగొని లోకప్రసిద్ధుడైన ఆ మనుష్యుడు మిత్రులకు ఇచ్చిన బహుమానము ఒక కత్తి! అతడు సాండెమనీయులను చిన్న క్రైస్తవ సంఘములో సభ్యుడు. 1840లో దాని పెద్దగా ఎన్నుకొనబడెను. ధనము కూర్చిపెట్టుకొనుటను ఆ సంఘము తప్పుగా ఎంచెడిది.

ఆ క్షౌరపు కత్తులు ఎవరి చేతిపని? ఫారడే ఉక్కును కలిపెను. అలుగును సాగగొట్టి పదును పెట్టిన చేతులు ఉన్నవి. కొలిమి పట్టును అతడు చిన్ననాడు తండ్రి ఇంటనే చూచెను. ఉక్కును గూర్చిన ఆసక్తి వేల మైళ్ళ దూరమునుండి వచ్చిన మూసలోని ముద్ద పుట్టించినది. ఆ ముద్దను చేసినవారి పేర్లు మనకు మిగులలేదు. మిత్రుని చెంపపై మెత్తగా జారిన ఆ అంచు వెనుక ఎందరు నిలిచియున్నారు!

నీకు కలిగినవాటిలో పరునివలన పొందనిది ఏది అని పౌలు కొరింథీయులను అడిగెను (1 కొరింథీ. 4:7). ఈ ప్రశ్న మనలను సిగ్గుపరచుటకు మాత్రమే అడిగినదని తలంపరాదు. అది మనలను విడిపించుటకు కూడ అడిగినదే. అంతయు నేనే చేయవలెనన్నచో ఎవడును ఏ కానుకయు చేయలేడు. గోధుమను పండించక రొట్టె చేయు తల్లి రొట్టెను తాను చేసినదనియే చెప్పును. అందులో అబద్ధము లేదు. అయితే చెప్పు తీరులో సత్యమును అసత్యమును వేరగును. "ఇది నేను చేసితిని" అని ఊరకుండువాడు కమ్మరిని దొంగిలించుచున్నాడు. "ఈ అలుగు ఫలాని కమ్మరి సాగగొట్టినది; ఈ కొయ్య ఫలాని పొలము గట్టున పడిన తుమ్మది; పిడి మాత్రము నీ చేతికొరకు నేను చెక్కితిని" అని చెప్పువాడు ముగ్గురి కానుకను ఒక్కసారి ఇచ్చుచున్నాడు. అట్లు చెప్పుటవలన కానుక చిన్నది కాదు, పెద్దదగును.

నాణెముతో తీరునా?

ఐరోపాలో పలుచోట్ల ఒక ఆచారము కలదు. కత్తిని కానుకగా పుచ్చుకొనినవాడు వెంటనే ఇచ్చినవానికి ఒక చిల్లర నాణెము ఇయ్యవలెను. అట్లు చేయనియెడల ఆ కత్తి స్నేహమును కోయునని నమ్మకము. నాణెము ఇచ్చినచో అది కానుక కాక కొనుగోలగును, కీడు తప్పునట. మన దేశములోను కత్తిని చేతికి ఇయ్యరాదు, నేలమీద పెట్టిన తీసికొనవలెను, లేనియెడల జగడము వచ్చునని చెప్పు పెద్దలు కొందరున్నారు.

ఇవి మూఢనమ్మకములని త్రోసివేయుట సులభము. దేవునియందు నమ్మికయుంచినవాడు ఇనుపముక్కకు భయపడనక్కరలేదు. అయినను ఒక ముసలమ్మ వణకుచు తన కొంగుముడి విప్పి రూపాయి చేతిలో పెట్టినయెడల, ఆమెతో వాదించి ఆమెను నొప్పించుటకంటె ఆ రూపాయిని చిరునవ్వుతో తీసికొనుట మంచిది. మన స్వాతంత్ర్యము బలహీనులకు అభ్యంతరము కాకూడదు గదా. అయితే ఆ ఆచారము క్రింద ఉన్న భావమును పరీక్షింపవలెను. ఏలయనగా అందులో ఒక నిజమైన భయమును, ఒక తప్పుడు పరిష్కారమును కలిసియున్నవి.

నిజమైన భయము ఇది: పదునుగల కానుక ఇచ్చినవానిని పుచ్చుకొనినవానిని ఒక బాధ్యతతో ముడివేయును. రేపు వ్రేలు తెగిన, "వాడిచ్చిన కత్తియే" అని మనస్సులో మెదలును. తప్పుడు పరిష్కారము ఇది: నాణెము ఇచ్చి ఆ ముడిని తెంచుట. కొనినవాడు అమ్మినవానికి ఏమియు ఋణపడడు. అమ్మినవాడు కొనినవానికి ఏమియు ఋణపడడు. కత్తి స్నేహమును కోయునని భయపడి, ముందుగానే స్నేహములోని బంధమును నాణెముతో కోసివేయుటయే ఇది.

దావీదు అరౌనా కళ్ళమునొద్ద చేసినది జ్ఞాపకము చేసికొనుడి (2 సమూ. 24). అరౌనా కళ్ళమును, ఎడ్లను, కట్టెలను ఉచితముగా ఇయ్యజూపెను. దావీదు తనకు ఏమియు ఖర్చు కాని దానిని దేవునికి అర్పింప నొల్లక, ఏబది తులముల వెండి ఇచ్చి కొనెను. ఇక్కడ వెల చెల్లించినవాడు ఎవడు? అర్పణ పుచ్చుకొనువాడు కాడు, అర్పించువాడు. కానుక న్యాయము ఇదే. వెల ఉండవలెను, అయితే అది ఇచ్చువానియొద్దనే ఉండవలెను. పిడి చెక్కిన సాయంకాలములు, రంపపు పొట్టుతో నిండిన వసారా, ఆకురాయి గీచిన మెటికలు ఆ వెల. అది ముందుగానే చెల్లింపబడినది. మరల నాణెము ఎందుకు?

నాణెమునకు బదులు ఇచ్చువాడు చేయదగిన పని ఒకటి కలదు. "పదును తగ్గినప్పుడు నాయొద్దకు తెమ్ము" అని చెప్పవలెను. ఇనుము మొద్దైన బలము ఎక్కువ వాడవలసివచ్చునని ప్రసంగి గ్రంథకర్త చెప్పినది వంటింటిలోను సత్యమే (ప్రసంగి 10:10). మొద్దు కత్తిని అదిమినప్పుడు అది జారును. జారినప్పుడు చేయి తెగును. పదునైన కత్తికంటె మొద్దు కత్తియే తరచుగా గాయపరచునని వంట చేయువారందరు ఎరుగుదురు. కనుక కత్తి కానుక ఒక దినముతో ముగియునది కాదు. ఇచ్చినవాడు సంవత్సరమునకు రెండు మూడు మారులు ఆ ఇంటికి పోయి, సానరాయి తీసి, కూర్చుండి నూరి, పిడి వదులైనదేమో చూచి రావలెను. అట్టి కానుక స్నేహమును కోయదు. స్నేహితుని మరల మరల ఇంటికి పిలుచును.

కోయగల దానిని ఇయ్యవచ్చునా?

మూడవ ప్రశ్న అన్నిటికంటె బరువైనది. కత్తి పండును కోయును, మనిషినికూడ కోయును. ఉక్కుకు ఈ భేదము తెలియదు. కోనసముద్రపు రకపు ఉక్కు పారసీక దేశములో యుద్ధఖడ్గముల అలుగులాయెను. అట్టి ఉక్కే లండనులో స్టోడార్ట్ చేతిలో సన్నని పనిముట్లాయెను. "ఉక్కుకు ఏమి తెలియును? వాడువానిదే పాపము" అని చెప్పి ఇచ్చువాడు చేతులు కడుగుకొనవచ్చునా?

మోషే ధర్మశాస్త్రము అట్లు చేతులు కడుగుకొననియ్యదు. ఒకడు అడవిలో చెట్టు నరకుచుండగా గొడ్డలి పిడినుండి ఊడి పొరుగువానికి తగిలి వాడు చనిపోయినయెడల, నరకినవాడు ఆశ్రయపురమునకు పారిపోయి బ్రదుకవచ్చునని వ్రాయబడియున్నది (ద్వితీ. 19:5). అతడు హంతకుడు కాడు. అయినను ఏమియు జరుగనట్లు ఇంటికి పోవుటకును వీలులేదు. ఒక వదులు పిడి ఒక ప్రాణమును తీసినది, మరియొకనిని తన ఇంటికి దూరము చేసినది. ఇంటికప్పుకు పిట్టగోడ కట్టవలెనను ఆజ్ఞయు ఇట్టిదే (ద్వితీ. 22:8). మనము చేసినదానివలన పొరుగువానికి కీడు కలుగకుండ ముందుగా ఆలోచించుట ప్రేమలో ఒక భాగము. కాబట్టి పిడి చేయువాడు బంక ఆరకముందే తొందరపడి ఇచ్చుట, పగులుపట్టిన కొయ్యను నూనెతో కప్పిపుచ్చుట చిన్న తప్పులు కావు. అందమునకు ముందు బిగువు. అలంకారమునకు ముందు అభయము.

అయితే బిగువైన పిడి చాలదు. ఎవరికి, ఎప్పుడు అను విచారము కూడ కావలెను. అబ్రాహాము మోరీయా కొండకు ఎక్కినప్పుడు కట్టెలను కుమారుని వీపుమీద పెట్టెను, నిప్పును కత్తిని మాత్రము తన చేతులలోనే ఉంచుకొనెను (ఆది. 22:6). ఆ భయంకరమైన ప్రయాణములోకూడ ఆ తండ్రి, కాల్చునదానిని కోయుదానిని కుమారునికి మోయనియ్యలేదు. కత్తిని ఇయ్యకుండుటయు కొన్ని వేళల ప్రేమయే.

ఇది వట్టి ఊహ కాదు. త్రాగి వచ్చు భర్త అడుగుల చప్పుడు వినబడగానే కత్తిపీటను గాదె వెనుక దాచు స్త్రీలు మన ఊళ్ళలో ఉన్నారు. మన సంఘములలోను ఉన్నారు. అట్టి ఇంటికి ఎంత అందమైన పిడిగల కత్తిని తీసికొనిపోయినను అది కానుక కాదు. అక్కడికి ముందు పోవలసినవారు పెద్దలును, కాపరియు, ధైర్యముగల పొరుగువారును. కోపము నిలుపుకొనలేని యువకునికి, ఇంకను వివేకము రాని బిడ్డకు, బ్రదుకుమీద విసిగి ఒంటరియైనవానికి ఇచ్చునప్పుడును ఆలోచింపవలెను. చేతిని కొలిచినవాడు హృదయమును కూడ చూడవలెను. కొలత తీసికొనకయే ఇచ్చువాడు కానుక ఇచ్చుట లేదు. తన నైపుణ్యమును ప్రదర్శించుకొనుచున్నాడు.

దీనికి మరియొక ప్రక్క కలదు. దానిని మరచినయెడల మనము భయమునే జ్ఞానమని పిలుతుము. సౌలు దినములలో ఇశ్రాయేలు దేశమంతట కమ్మరి లేకుండ ఫిలిష్తీయులు చేసిరి. నాగటినక్కును, గొడ్డలిని పదును పెట్టించుకొనుటకు ప్రతివాడు శత్రువులయొద్దకు దిగిపోవలసివచ్చెను (1 సమూ. 13:19-21). పదునును దక్కనియ్యకుండుట ఒక జాతిని అణచుటకు సాధనమాయెను. ఇది ఆ కాలమునకే చెందినది కాదు. "నీకు తెలియదు, నీవు ముట్టుకొనకుము" అని చెప్పి ఎందరిని మనము ఎన్ని పనిముట్లకు దూరముగా ఉంచితిమి! కూరలు తరిగి బ్రదుకు విధవరాలికి మంచి కత్తి అన్నము. తోలు కోయువానికి, తాటిచెట్టు గీయువానికి కత్తి గౌరవము. పండ్రెండేండ్ల కుమారునికి తండ్రి ప్రక్కన కూర్చుండి పుల్ల చెక్కుట నేర్పినప్పుడు, ఆ బిడ్డ నేర్చుకొనునది చెక్కుట మాత్రము కాదు. నాన్న నన్ను నమ్మెను అను సంగతి. నమ్మబడనివాడు నమ్మదగినవాడగుట కష్టము.

కాబట్టి ఇచ్చుట ఎల్లప్పుడు మంచిదనియు, దాచుట ఎల్లప్పుడు మంచిదనియు చెప్పజాలము. అయితే ఒక గురుతు కలదు. నా నెమ్మదికొరకు దాచుచున్నానా, అతని క్షేమముకొరకు దాచుచున్నానా? నా పేరుకొరకు ఇచ్చుచున్నానా, అతని పనికొరకు ఇచ్చుచున్నానా? ఈ రెండు ప్రశ్నలకు యథార్థముగా జవాబు చెప్పుకొనినవాడు సామాన్యముగా దారి తప్పడు.

రాబోవు సమాధాన దినములను గూర్చి యెషయా చూచిన దర్శనమును మనము తరచుగా చదువుదుము (యెషయా 2:4). అందులో ఒక సంగతిని దాటిపోవుచుందుము. జనులు ఖడ్గములను సముద్రములో పారవేయుదురని ప్రవక్త చెప్పలేదు. వాటిని నాగటినక్కులుగాను, ఈటెలను మచ్చుకత్తులుగాను సాగగొట్టుదురనెను. మచ్చుకత్తియు కత్తియే! సమాధాన రాజ్యములోను కొలిమి మండుచుండును, సమ్మెట మ్రోగుచుండును, అంచు పదునుగానే ఉండును. మారినది ఉక్కు కాదు. ఆ అంచు ఎవరికి పనిచేయునో అది మారినది. ఈటె చేసినవాడు శత్రువు రొమ్మును తలంచి చేసెను. మచ్చుకత్తి చేయువాడు పొరుగువాని ద్రాక్షతోటను, దానిని పట్టుకొను పొరుగువాని చేతిని తలంచి చేయును.

కత్తిని అందించుటలో ఒక మర్యాద కలదు. చిన్నపిల్లలకు కూడ దానిని నేర్పుదుము. అలుగును ఎదుటివానివైపు చాపరాదు. పిడిని అతనివైపు త్రిప్పి, అలుగును మన అరచేతిలో జాగ్రత్తగా పట్టి, అతడు గట్టిగా పట్టుకొనువరకు ఆగి, అప్పుడు విడువవలెను. ఆ క్షణమున పదును ఇచ్చువాని చేతిలోను, పట్టు పుచ్చుకొనువాని చేతిలోను ఉండును. అపాయమును తనవైపు ఉంచుకొని, మేలును ఎదుటివానికి అందించుట! పదునుగల ప్రతి కానుకను ఇట్లే ఇయ్యవలసియున్నది. కత్తియే కాదు, అధికారము, విద్య, స్వాతంత్ర్యము, నిజమైన మాట ఇవన్నియు కోయగలవే. వాటిని అలుగు ముందుగా చాపువారు అనేకులు. భయపడి అసలే ఇయ్యనివారును అనేకులు. మన ప్రభువు మనకు జీవమును అందించినప్పుడు గాయము ఎవరి చేతులలో నిలిచెనో మనము ఎరుగుదుము.

ప్రియ చదువరీ, ఈ సంవత్సరము నీవు ఎవరికైన ఏదైన నీ చేతులతో చేసి ఇయ్యదలంచినయెడల, ముందు వారి చేతిని చూడుము. నీకు అలుగు ఇచ్చినవారి పేరు దాచకుము. పిడిని బిగువుగా నాటుము. ఇచ్చిన తరువాత మరల పోయి పదును పెట్టుము. అందించునప్పుడు పిడి ఎదుటివానివైపు ఉండునట్లు చూచుకొనుము.